కొనేది మారుతి ధరకు, మేపేది బెంజి ఖర్చుతో

గుంటూరు జిల్లాలో కృష్ణ ఒడ్డుకు చేరువగా వున్న ఒక గ్రామంలో, గడ్డివామి పక్క రేకుల షెడ్డులో ఒక నల్లటి జర్మనీ కారు నిలబడి వుంది. నిలబడి వుంది అనడం కంటె కూలబడి వుంది అనడమే సబబు. ముందు భాగం ఎడమవైపు బాగా కిందికి దిగిపోయి బంపరుకూ నేలకూ మధ్య బెత్తెడు ఎడం మాత్రమే మిగిలింది. మొన్నటి వరకు ఎండవేళ దాని కింద పడుకునే కుక్క ఇప్పుడు ట్రాక్టరు ట్రక్కు కిందికి మకాం మార్చింది.

కొత్తలో ఆ కారు అరవై లక్షల రూపాయల పైమాట. పదేళ్ళు దాటిన తరువాత నిరుడు ఆ గ్రామ రైతు ఒకరు దానిని 9 లక్షల 50 వేలకు కొన్నారు. "అదే డబ్బుకు కొత్త స్విఫ్టు వచ్చేదండీ. ఇది చూసిన తరువాత అది కారే కాదన్నాడు మా వాడు" అని ఆయన చెప్పారు. ఎనిమిది నెలలు బాగానే తిరిగింది. ఒకనాడు తెల్లవారి లేచి చూసేసరికి ఒక మూల కూలబడి వుంది. లారీ మీద ఎక్కించి విజయవాడ తీసుకుపోతే వర్కుషాపు వారు వేసిచ్చిన అంచనా 2 లక్షల 80 వేలు. కొన్న ధరలో మూడోవంతుకు దగ్గర. "కారులో గాలి పోయిందట. టైరులో గాలి కాదండోయ్, కారులోనే గాలి!" అని ఆయన నవ్వుతూనే అన్నారు గాని ఆ నవ్వులో పస లేదు.

ఊరి పేరు, మనిషి పేరు ఇక్కడ అనవసరం. ఇటువంటి కార్లు పల్లెలకు ఎలా చేరుతున్నాయి, చేరిన తరువాత ఎందుకు షెడ్డుల పాలవుతున్నాయి అన్నది తరచి చూడవలసిన సంగతి. ఎందుకంటే వీటిలో పెడుతున్న డబ్బు చాలా ఇళ్ళలో పొలం అమ్మిన డబ్బు, లేదా పొలాన్ని చూపించి తెచ్చిన అప్పు.

ఢిల్లీ నుంచి డెల్టాకు

బెంజి కంపెనీ మన దేశంలో 1995లో పూణేలో టాటా వారితో కలసి కార్లు తయారు చేయడం ప్రారంభించింది. బి.ఎం.డబ్ల్యు. 2007లో చెన్నై దగ్గర ఫ్యాక్టరీ తెరిచింది. ఆడి కార్లను ఔరంగాబాదులో, అంటే ఇప్పటి ఛత్రపతి శంభాజీనగర్‌లో బిగిస్తూ వచ్చారు. "బిగించడం" అన్న మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి, దాని దగ్గరకు మళ్ళీ వస్తాము. 2007 తరువాత పది పన్నెండేళ్ళలో నగరాల్లో అమ్ముడుపోయిన ఆ కార్లే ఇప్పుడు రెండు మూడు చేతులు మారి జిల్లాలకు దిగుతున్నాయి.

వాటిని ఇటు తరిమిన కారణాలలో ఢిల్లీ కాలుష్యం ఒకటి. పదేళ్ళు దాటిన డీజిలు బండ్లు దేశ రాజధాని ప్రాంతంలో తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించింది. డీజిలుకు పదేళ్ళు, పెట్రోలుకు పదిహేనేళ్ళు అన్న కట్టడిని 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 2025 జూలై 1 నుంచి అటువంటి బండ్లకు ఢిల్లీ బంకుల్లో నూనె పోయరాదన్న నిబంధన పెట్టి, గోల పుట్టడంతో కొద్ది రోజులకే వెనక్కు తగ్గారు. వయసు ఒక్కటే చూసి యజమానులపై చర్య తీసుకోవద్దని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. డిసెంబరులో ఆ వెసులుబాటును బి.ఎస్.4, ఆ పైన ప్రమాణాల బండ్లకు మాత్రమే పరిమితం చేసింది. కోర్టు మాట ఎటు తిరిగినా ఈ పదేళ్ళలో ఢిల్లీ యజమానికి పట్టుకున్న భయం ఒక్కటే: పదో ఏడు రాకముందే బండిని వదిలించుకోవాలి. అక్కడ చవకయింది, మన దళారీకి బేరమయింది. నిరభ్యంతర పత్రం, అదే ఎన్.ఓ.సి. తెచ్చుకుంటే ఆ కారు ఇక్కడ తిరగడానికి అడ్డు లేదు.

రెండోది పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి జి.ఎస్.టి. మారి, సెస్సుతో కలిపి 50 శాతం వరకు వున్న పెద్ద కార్ల పన్ను 40 శాతానికి వచ్చింది. కొత్త కారు ధర తగ్గితే పాత కారు ధర ఆగుతుందా? అదీ దిగింది.

మూడోది మన జిల్లా సంగతి. 2015లో రాజధాని కోసం 29 గ్రామాల రైతులు 30 వేల ఎకరాలకు పైబడి భూమిని సమీకరణకు ఇచ్చినప్పుడు చుట్టుపక్కల భూముల ధరలు ఎలా ఎగిరాయో ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. ఎకరం అమ్మి, ఇల్లు కట్టి, మిగిలిన దానితో పెద్ద కారు కొన్నవారు వున్నారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే ఆ ధరలు కుప్పకూలాయి. భూమి ధర పడిపోయినా కారు మీద వాయిదా పడిపోలేదు, సర్వీసింగు బిల్లు పడిపోలేదు. 2024లో రాజధాని పనులు తిరిగి మొదలైన తరువాత భూముల బేరాలతో పాటు కార్ల బేరాలు కూడా మళ్ళీ ఊపందుకున్నాయి. కాకపోతే ఈసారి కొత్తవాటికంటె పాతవే ఎక్కువ కనబడుతున్నాయి.

ధర దిగుతుంది, బిల్లు దిగదు

అసలు కిటుకు ఇక్కడ వుంది. కారు పాతబడుతున్న కొద్దీ దాని ధర దిగుతుంది. అరవై లక్షల కారు పదేళ్ళకు పది లక్షలవుతుంది. కాని దాని హెడ్‌లైటు పగిలితే కొత్త హెడ్‌లైటుకు పాత ధర వుండదు. అరవై లక్షల కారుకు వేసే హెడ్‌లైటే పది లక్షల కారుకూ వెయ్యాలి. ఆ ఒక్క దీపానికి లక్ష రూపాయలు దాటవచ్చు. మారుతి కారుకైతే కొద్ది వేలతో పోయేది. కొన్నవాడు తాను పది లక్షల కారు కొన్నాననుకుంటాడు. నిజానికి అతను కొన్నది అరవై లక్షల కారే. యాభై లక్షలు ముందటివాళ్ళు అనుభవించి పోయారు, ఖర్చులు ఇతని వంతుకు మిగిల్చారు.

కారు కొత్తగా వున్నంతకాలం చెడితే కంపెనీ గ్యారంటీ మీద నడుస్తుంది. గ్యారంటీ తీరగానే మొదటి యజమాని అమ్మేస్తాడు, అతనికి కొత్త మోడలు కావాలి. రెండో యజమాని నాలుగేళ్ళు తిప్పుతాడు. పెద్ద ఖర్చులు మొదలయ్యే సూచన కనబడగానే అతనూ అమ్ముతాడు. మూడో యజమాని ఎవరంటే మనవాడు. ఎవరూ మోసం చెయ్యకపోయినా ఇది ఇలాగే జరుగుతుంది. ఇక మీటరు వెనక్కు తిప్పే ఘనులు వుండనే వున్నారు.

పార్టుల ధర ఎందుకంత అని అడగవచ్చు. పూణేలో, చెన్నైలో జరిగేది చాలావరకు బిగించడం. ఇంజిను, గేరుబాక్సు, కంప్యూటరు పెట్టెలు వంటివి ఎక్కువగా బయటి దేశాలవే. పైగా మన దేశంలో ఏటా నలభై లక్షలకు పైగా కార్లు అమ్ముడుపోతూ వుంటే ఈ ఖరీదయిన కార్లు యాభై వేల ప్రాంతం. అంటే వందకు ఒకటి. వందలో తొంభైతొమ్మిదికి పనికివచ్చే పార్టును ప్రతి ఊరి దుకాణదారూ నిలవ పెడతాడు. ఆ ఒక్కదానికి పనికివచ్చేదాన్ని పెట్టి ఎవరు కూర్చుంటారు? 2025 సెప్టెంబరులో మోటారు విడిభాగాల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గిన మాట నిజం. కొంత ఊరటే. లక్ష రూపాయల పార్టుకు ఎనిమిది వేల దాకా కలిసివస్తుంది.

గాలి బుడగల మీద నడక

మన రైతు కారు విషయానికి వద్దాం. మామూలు కారును ఉక్కు స్ప్రింగులు మోస్తాయి. ఈ కార్లలో కొన్నింటిని రబ్బరు బుడగలు మోస్తాయి. లోపల గాలి నింపుతూ వుండడానికి చిన్న కంప్రెసరు వుంటుంది. రోడ్డు ఎంత గతుకులైనా లోపల కూర్చున్నవారికి తెలియదు. హాయిగానే వుంటుంది, కాదనలేము. కాని రబ్బరు రబ్బరే. ఎండకు, దుమ్ముకు ఎనిమిది పదేళ్ళలో బీటలు వారుతుంది. సన్నటి చీలిక పడితే రాత్రికి రాత్రి గాలి దిగుతుంది. పొద్దున ఇంజిను వెయ్యగానే కంప్రెసరు మళ్ళీ నింపుతుంది. యజమానికి అనుమానం రాదు. రోజూ అలా ఆగకుండా ఆడి ఆడి చివరకు కంప్రెసరు కూడా కాలిపోతుంది. ఒక బుడగతో పోయేది ఇప్పుడు రెండు బుడగలు, ఒక కంప్రెసరు అవుతుంది. ఆ రైతుకు వేసిన అంచనా సరిగ్గా ఇదే. మెకానిక్కు ఆయనను అడిగిన మొదటి ప్రశ్న, "బాబాయ్ గారూ, రెండు నెలలుగా పొద్దునపూట ముందువైపు కొంచెం వంగి వుండడం గమనించలేదా?" గమనించారు. షెడ్డు నేల ఏటవాలుగా వుందనుకున్నారు.

టైర్ల సంగతి మరొకటి. వీటిలో చాలావాటికి స్టెపినీ వుండదు. పంక్చరయినా కొంత దూరం నడిచే గట్టి అంచుల టైర్లు వేసి ఇస్తారు. ఒక్కొక్కటి పదిహేను ఇరవై వేల మాట. యూరపులో ఎనభై కిలోమీటర్లు పోయేలోపు టైరు దుకాణం దొరుకుతుంది కాబట్టి ఆ లెక్క అక్కడ కుదిరింది. మాచర్ల అవతల అడవి దారిలో రాత్రి పదకొండు గంటలకు ఆ లెక్క ఎలా కుదురుతుందో కంపెనీ ఇంజినీరు ఆలోచించి వుండడు.

గేరుబాక్సు గురించి ఒక ముఖ్యమైన మాట. ఆటోమేటిక్ గేరుబాక్సులో పోసిన నూనె జీవితాంతం మార్చనక్కరలేదని కొన్ని కార్ల కంపెనీలు ప్రచారం చేశాయి. అదే గేరుబాక్సును తయారుచేసి ఆ కంపెనీలకు అమ్మే జర్మనీ సంస్థ జడ్.ఎఫ్. మాత్రం సుమారు 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్లకు, లేదా ఎనిమిదేళ్ళకు నూనె మార్చుకోవాలని చెబుతుంది. ఎవరి జీవితాంతం అన్నదే ప్రశ్న. గ్యారంటీ జీవితమా, కారు జీవితమా? నూనె మార్చడానికి వేలల్లో అయితే, గేరుబాక్సు పోతే లక్షల్లో అవుతుంది. పాత కారు కొనేవారు నూటికి తొంభై మంది ఈ ప్రశ్న అడగనే అడగరు. సీట్ల తోలు ఎలా వుందో చూస్తారు.

ఇంజిన్లలోనూ పేరుపడ్డ జబ్బులు వున్నాయి. 2007 నుంచి 2011 వరకు తయారైన బి.ఎం.డబ్ల్యు. రెండు లీటర్ల డీజిలు ఇంజిను ఎన్47 లో టైమింగు గొలుసు త్వరగా అరిగి తెగిపోతున్నదని యూరపులో పెద్ద దుమారమే లేచింది. గొలుసు ముందువైపు వుంటే మెకానిక్కు మూత తీసి చూడగలడు. ఆ ఇంజినులో గొలుసును వెనుకవైపు, గేరుబాక్సు పక్కన పెట్టారు. చూడాలన్నా మార్చాలన్నా గేరుబాక్సునో, ఇంజినునో దించవలసిందే. తెగితే వాల్వులు, పిస్టనులు ఢీకొని ఇంజిను పనైపోతుంది. ఆ ఇంజిను వున్న కార్లు మన దేశంలోనూ బాగా అమ్ముడయ్యాయి. ఇప్పుడు నాలుగైదు లక్షలకు వస్తున్నాయంటే ఆశ్చర్యం లేదు.

ఇక పల్లె వాడకం. ఇంటి నుంచి పొలానికి రెండు కిలోమీటర్లు, పొలం నుంచి సెంటరుకు మూడు. ఇటీవలి డీజిలు కార్ల సైలెన్సరు గొట్టంలో పొగమసిని పట్టే జల్లెడ వుంటుంది. అందులో మసి కాలిపోవాలంటే బండి జాతీయ రహదారి మీద కొంతసేపు వేగంగా పోవాలి. రోజూ అయిదు కిలోమీటర్లు తిరిగే బండిలో ఆ జల్లెడ పూడిపోతుంది. దీపం వెలుగుతుంది, వేగం పడిపోతుంది. శుభ్రం చేయిస్తే వేలు, మార్పిస్తే లక్షలు. కారు బాగా తిప్పితే చెడుతుందనుకుని అపురూపంగా దాచుకునే పెద్దమనుషులకు ఈ సంగతి ఎంత చెప్పినా నమ్మకం కుదరదు.

దాచుకున్న కారుకు మరో శత్రువు ఎలుక. కోతల తరువాత చేలలో తిండి కరువైన ఎలుకలు బోనెట్టు కింద వెచ్చదనానికి చేరి వైర్లు కొరికేస్తాయి. ట్రాక్టరులో వైరు కొరికితే టేపు చుట్టి పని గడుపుకుంటాము. ఈ కార్లలో తలుపు అద్దం నుంచి బ్రేకు వరకు డజన్లకొద్దీ చిన్న కంప్యూటర్లు వైర్ల మీదనే మాట్లాడుకుంటాయి. ఒక్క తీగె తెగితే ఎక్కడెక్కడి దీపాలో వెలుగుతాయి. తెగింది ఎక్కడో వెతకడానికే రెండు రోజుల కూలి.

ఆటోనగర్ చేతులు ఎందుకు కట్టుబడ్డాయి?

విజయవాడ ఆటోనగర్ అంటే లారీ ఛాసిస్ నుంచి బాడీ కట్టి రోడ్డెక్కించే చోటు. అక్కడి పనివారికి చేతకాని ఇనుప పని లేదు. అటువంటివారు కూడా ఈ కారు ముందు చేతులు ముడుచుకు నిలబడుతున్నారంటే లోపం వారిది కాదు. బ్యాటరీ మార్చినా ఆ సంగతి కంప్యూటరుకు నమోదు చెయ్యవలసిన కార్లు ఇవి. ఆ నమోదుకు కంపెనీ స్కానరు, సాఫ్టువేరు కావాలి. కొన్ని పార్టులు కొత్తవి తెచ్చి బిగించినా, కంపెనీ కంప్యూటరు ఒప్పుకుంటే గాని పని చెయ్యవు.

ఈ వ్యవహారం మీద ఒకసారి పెద్ద తీర్పే వచ్చింది. విడిభాగాలు, లోపాలు కనిపెట్టే పరికరాలు బయటి మెకానిక్కులకు అందకుండా చేసి పోటీని దెబ్బతీశారని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలను తప్పుపట్టి, మొత్తం 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఆ జాబితాలో బెంజి, బి.ఎం.డబ్ల్యు.లతో పాటు మారుతి, టాటా, మహీంద్రా కూడా వున్నాయి. కంపెనీలు అప్పీళ్ళకు, కోర్టులకు వెళ్ళాయి. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ "మరమ్మతు హక్కు" మీద ఒక సంఘాన్ని వేసింది. మోటారు వాహనాలు, సెల్‌ఫోన్లు, ఇంటి సామగ్రితో పాటు వ్యవసాయ యంత్రాలను కూడా అందులో చేర్చింది. ఆ ఏడాది చివర ఒక పోర్టల్ తెరిచారు. బయటి మెకానిక్కుకు పరికరం ఇచ్చి తీరాలని నిర్బంధించే ప్రత్యేక చట్టం మాత్రం దాని వెంట రాలేదు.

వ్యవసాయ యంత్రాలు అన్న మాటను కారు లేనివారు కూడా పట్టించుకోవాలి. ఈ రోజు జర్మనీ కారుకు వచ్చిన తాళం రేపు వరికోత మిషనుకు రాదని హామీ లేదు. కోతల మధ్యలో మిషను ఆగి, కంపెనీ మనిషి ల్యాప్‌టాపుతో వచ్చేదాకా చేను నేలకొరిగి వుంటే ఆ నష్టానికి జవాబుదారీ ఎవరు?

ఇన్సూరెన్సు వుంది గదా!

చాలామంది ధైర్యం ఇదే. పార్టు అరిగిపోతే ఇన్సూరెన్సు ఇవ్వదు, ప్రమాదం జరిగితేనే ఇస్తుంది. రబ్బరు బుడగ దానంతట అది చీలితే పైసా రాదు. ప్రమాదం జరిగినా పూర్తిగా రాదు. మామూలు పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్, టైరు, బ్యాటరీ వంటి వాటికి సగం తరుగు తీస్తారు. ఇనుప భాగాలకు బండి వయసు అయిదు నుంచి పదేళ్ళయితే 40 శాతం, పదేళ్ళు దాటితే 50 శాతం తీస్తారు. అద్దానికి మాత్రం తరుగు లేదు. లక్షన్నర బంపరు, దీపం, రేకు పని జరిగితే డెబ్భయి వేల దాకా యజమాని జేబులోంచే పోతుంది. తరుగు లేకుండా చెల్లించే అదనపు పాలసీ కొత్త కార్లకు సులువుగా దొరుకుతుంది గాని పదేళ్ళ కారుకు దొరకడం కష్టం.

వరద మాట కూడా చెప్పుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో వేలాది బండ్లు మునిగాయి. నీళ్ళు దిగాక ఆత్రంగా తాళం తిప్పినవారి ఇంజిన్లు నీరు పీల్చి లోపలి కడ్డీలు వంగిపోయాయి. మునగడం వల్ల వచ్చిన నష్టం ఇన్సూరెన్సు ఇస్తుంది, స్టార్టు చేయడం వల్ల వచ్చినదానిని వెంట వచ్చిన నష్టమని పక్కన పెడుతుంది. అది కావాలంటే ఇంజిను రక్షణకు వేరే సొమ్ము కట్టి వుండాలి. మునిగిన కారును తోసుకుపోవాలి గాని తాళం తిప్పరాదు. ఏ కారుకైనా ఇది వర్తిస్తుంది. అలా మునిగి తేలిన కార్లు కడిగి, ఆరబెట్టి, అత్తరు చల్లి అమ్మకానికి వచ్చే ప్రమాదం ఎప్పుడూ వుంటుంది. సీటు కింద తివాచీ ఎత్తి, బెల్టును చివరిదాకా లాగి చూస్తే బురద గీత దొరకవచ్చు.

అమెరికా అబ్బాయి మాట

"మా అబ్బాయి అమెరికాలో అదే కారు నడుపుతున్నాడు, ఒక్కనాడు చెడలేదన్నాడు" అనే మాట మన ఊళ్ళలో తరచు వినబడుతుంది. అబ్బాయి అబద్ధం చెప్పడు. కాని అక్కడ ఖరీదైన కార్లను చాలామంది కొనరు, మూడేళ్ళకు లీజు తీసుకుంటారు. నెలనెలా కట్టి, మూడేళ్ళు నిండగానే తాళాలు తిరిగి ఇచ్చేసి కొత్తది తెచ్చుకుంటారు. నాలుగో ఏటి ఖర్చు వారి కంటబడదు. అక్కడ జె.డి. పవర్ అనే సంస్థ ఏటా చేసే మన్నిక సర్వే కూడా మూడేళ్ళ వయసు కార్ల మీదనే. అందులో 2023, 2024, 2025 సంవత్సరాల్లో వరుసగా మొదటి స్థానం టయోటా వారి లెక్సస్‌కు వచ్చింది. జర్మనీ కార్లకు రాలేదు. మూడేళ్ళ వయసులోనే ఆ తేడా వుంటే, పదేళ్ళ వయసులో మన ఎండలో, మన దుమ్ములో ఎలా వుంటుందో ఊహించుకోవచ్చు.

జర్మనీ వాడు చెడ్డ కారు చేస్తాడని ఇక్కడ అర్థం కాదు. ఆ బ్రేకులు, ఆ రేకు దళసరి, గుద్దుకున్నప్పుడు లోపలి మనిషిని కాపాడే తీరు మెచ్చుకోదగ్గవి. అది వేరే జీవితానికి కట్టిన కారు. ప్రతి పట్టణంలో వర్కుషాపు, ప్రతి పదిహేను వేల కిలోమీటర్లకు తప్పని సర్వీసింగు, అయిదారేళ్ళకు మార్పిడి, ఇదీ దాని జీవితం. మన పాత అంబాసిడరు 2014లో ఆగిపోయింది. కుదుపుకు నడుం విరిగేది, బ్రేకు మీద నమ్మకం అంతంతమాత్రం. అయినా ఒక పానా, ఒక సుత్తి వున్నవాడు దాన్ని రోడ్డెక్కించేవాడు. ఆ పని ఇప్పుడు ఇన్నోవా చేస్తోంది. మూడు లక్షల కిలోమీటర్లు తిరిగిన ఇన్నోవాకు కూడా మన జిల్లాలో మంచి ధర పలుకుతున్నదంటే అందులో పెద్ద రహస్యమేమీ లేదు. పార్టు దొరుకుతుంది, చేసేవాడు దొరుకుతాడు.

అయినా కొంటామంటే కాదనేవారెవరు? తొమ్మిది లక్షల కారుకు పక్కన కనీసం మూడు లక్షలు మరమ్మతుకని విడిగా వుంటే కొనవచ్చు. ఆ మూడు లక్షలు కూడా అప్పే అయితే వద్దు. పాత కారు మీద అప్పుకు వడ్డీ కొత్తదాని కంటె ఎక్కువ. ఛాసిస్ నెంబరు చెప్పి కంపెనీ వర్కుషాపులో సర్వీసు చరిత్ర తీయించాలి. అమ్మేవాడు "ఎందుకండీ అదంతా" అంటే అదే జవాబు అనుకోవాలి. బేరం రోజు సాయంత్రం కాక, పొద్దున్నే చల్లటి ఇంజిను మీద చూడాలి. వీలైతే ముందు రాత్రి బండి నాలుగు మూలల ఎత్తు కొలిచి, తెల్లవారి మళ్ళీ కొలవాలి. స్కానరు పెట్టి చూపించడానికి అయ్యే ఖర్చు కొద్ది వేలు మాత్రమే.

కాగితాల సంగతి వేరే. బయటి రాష్ట్రం బండి పన్నెండు నెలలకు మించి ఇక్కడ వుంటే ఇక్కడి నెంబరు తీసుకోవాలని చట్టం. ఎన్.ఓ.సి. లేనిదే ఆ పని జరగదు. లైఫ్ ట్యాక్సు ఏ ధర మీద, ఎంత కట్టవలసి వస్తుందో అడ్వాన్సు ఇవ్వకముందే రవాణా కార్యాలయంలో కనుక్కోవాలి. పదిహేనేళ్ళకు రిజిస్ట్రేషన్ తిరిగి చేయించాలి. ఆ ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి 600 రూపాయల నుంచి 5 వేలకు పెరిగింది. దిగుమతి చేసుకున్న కారైతే 40 వేలు.

షెడ్డులోని నల్ల కారు సంగతి ఇంకా తేలలేదు. గాలి బుడగలు తీసేసి ఉక్కు స్ప్రింగులు వేస్తే లక్షలోపు అవుతుందని ఆటోనగర్‌లో ఒకరు చెప్పారట. కాకపోతే డాషుబోర్డు మీద ఎర్ర దీపం ఎప్పటికీ వెలుగుతూనే వుంటుందట, సుఖం కూడా మునుపటిలా వుండదట. అదే కారును కొంటానని విజయవాడ నుంచి వచ్చిన ఒకాయన మూడున్నర లక్షలు అడిగి వెళ్ళాడు. మిర్చి డబ్బు చేతికి వచ్చాక ఏదో ఒకటి చేద్దామని రైతు అంటున్నారు. ఇరవై మూడు వాయిదాలు ఇంకా మిగిలి వున్నాయి. కొడుకు ప్రస్తుతానికి స్కూటరు మీద గుంటూరు వెళ్ళివస్తున్నాడు.